ఆరు ఇటుకలు, ఒక ఆవిరి బండి



మొన్న వేసవిలో జి. కొండూరు దగ్గర ఒక మామిడి రైతు ఇంటికి వెళ్లాము. ఏడవ తరగతి చదివే కుమారుడు అన్నము మీద అలిగి మూల కూర్చున్నాడు. ఫోనులో చూసిన బొమ్మ ఒకటి కావాలని వాడి పట్టు. ప్లాస్టిక్ ఇటుకలతో కట్టిన ఎగిరే ఓడ. దానికి పొగగొట్టము, పళ్ల చక్రాలు, ఇత్తడి రంగు గొట్టాలు. పెట్టె ధర వేలల్లో ఉంది. "ఈ ఏడు కాపు సగమే అయ్యగారూ. లేదని వాడికి ఎన్నిసార్లు చెప్పను?" అన్నాడు తండ్రి. ఆ మాట అంటూ కుమారుని వైపు చూడలేకపోయాడు.

మాకు ఆ బొమ్మల సంగతి తెలియదు గనుక పిల్లవాణ్ణే అడిగాము. "స్టీమ్‌పంక్ అంటారండి" అన్నాడు. కరెంటు, పెట్రోలు కాక ఆవిరియే ఇప్పటికీ లోకాన్ని నడుపుతూ ఉంటే యంత్రాలు ఎలా ఉండేవో ఊహించి చేసేవే ఇవి. ఆ పేరు 1987లో కె. డబ్ల్యు. జెటర్ అనే అమెరికా రచయిత పెట్టినది. ఊహ మాత్రము పాతదే. ఆవిరితో నడిచే ఏనుగు ఒకటి ఇళ్లను లాగుకొంటూ మన ఉత్తర హిందూదేశములో తిరిగినట్టు ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ 1880లోనే నవల వ్రాశాడు.

"ఇంట్లో ఏమున్నాయి?" అని అడిగాము. ఎప్పుడో విజయవాడ ఎగ్జిబిషన్‌లో కొన్న ఇటుకలు బిస్కెట్ డబ్బాలో సగానికి ఉన్నాయి. "వీటితో ఏమవుతుందండి?" అన్నాడు.

ఏమవుతుందో ఒక లెక్క చెప్పాలి. ఎనిమిది బొడిపెలు గల ఒకే రంగు లెగో ఇటుకలు ఆరు ఉంటే, వాటిని 91 కోట్ల 51 లక్షల 3 వేల 765 విధాలుగా కలపవచ్చునని గణిత పండితులు కంప్యూటరు సాయంతో తేల్చారు. ఆ కంపెనీని 1932లో డెన్మార్కులోని బిల్లుండ్ అనే పల్లెలో ఆరంభించినవాడు ఓలె కిర్క్ క్రిస్టియాన్సెన్ అనే వడ్రంగి, భక్తిపరుడు. మన పొరుగున కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో చేసినట్టే ఆయనా మొదట కర్రబొమ్మలే చేశాడు. నేటి ఇటుకకు ఆయన కుమారుడు పేటెంటు కోరినది 1958లో. కొండపల్లి బొమ్మకు చేయి, కాలు విడిగా చెక్కి చింతగింజల మక్కుతో అతుకుతారు. అది ఇక విడదు. ఇటుకల బొమ్మను విప్పి రేపు మరొకటి కట్టవచ్చు. అందుకే దీనికి జిగురు, పెయింటు వద్దు.

మొదలుపెట్టే విధము చెబుతాము. ముందు ముక్కలను రంగును బట్టి కాక ఆకారమును బట్టి వేరు చేయాలి. గోధుమ, నలుపు, బూడిద రంగులు పైకి కనబడాలి. మిగతావి లోపలికి పోవాలి. పసుపు కొద్దిగా వాడితే ఇత్తడిలా ఉంటుంది. తాపీమేస్త్రి గోడ కట్టినట్టు, కింద రెండు ఇటుకలు కలిసే చోట పై ఇటుక నడుము రావాలి. లేకుంటే ఎత్తగానే విరుగుతుంది. అన్నిటికంటె ముఖ్యము, ప్రతి గొట్టానికీ ఒక పని ఉండాలి. చక్రము ఎందుకు తిరుగుతున్నదో చెప్పలేకపోతే అది అలంకారమే గాని యంత్రము కాదు. మూడేళ్ల లోపు పసివారు ఇంట్లో ఉంటే చిన్న ముక్కలు నోట పెట్టుకోకుండా చూడాలి.

ఇక్కడే తాతగారు కలిశారు. కొండపల్లి స్టేషనులో బొగ్గు ఇంజన్లు చూసినవారు. "నిప్పు ఇక్కడ, నీళ్లు దాని చుట్టూ. ఆవిరి పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ కడ్డీని తోస్తుంది, కడ్డీ చక్రాన్ని తిప్పుతుంది" అంటూ సుద్దముక్కతో నేల మీద గీశారు. అది చూసి పిల్లవాడు మామిడికాయలు కోసే ఆవిరి బండి మొదలుపెట్టాడు. పొగగొట్టము, చక్రాలు, పైకి సాగే చేయి.

తండ్రి అంతవరకు గుమ్మములో నిలబడి చూస్తున్నాడు. "కాయ నేల మీద పడితే దెబ్బ తింటుందిరా. చిక్కము ఏది?" అన్నాడు. కాసేపటికి తనే వచ్చి కూర్చున్నాడు. ఉల్లిపాయల సంచి వల కత్తిరించి ఆ చేయికి కట్టాడు. "తొడిమ ఉంచి కొయ్యాలి. లేకపోతే సొన కారి కాయకు మచ్చ పడుతుంది. మరి సొన కారడానికి కాయలు ఎక్కడ బోర్లిస్తావు?" పిల్లవాడు ఆలోచించి బండి వెనుక ఒక పలక చేర్చాడు. "ఇది పట్టు నాన్నా" అన్నాడు. తల్లి నాలుగుసార్లు పిలిస్తేగాని ముగ్గురూ భోజనానికి లేవలేదు.

పెద్ద పెట్టె మీద కోరిక వాడికి పోయిందని మేము వ్రాయము, పోలేదు. తండ్రి చేతిలోకి డబ్బూ రాలేదు. తల్లిదండ్రులారా, పిల్లలు అడిగినవన్నీ మనము కొనలేము. అయితే "లేదు" అని చెప్పి లేచి వెళ్లిపోవడమా, పక్కన కూర్చోవడమా అన్నది మన చేతిలోనే ఉంది. మీ ఇంట్లో కూడా ఏ అటక మీదనో అలాంటి డబ్బా ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఆదివారము సాయంత్రము దించి చూడండి.