పుచ్చుకోని సొమ్ము

క్యూబా పేరు ఎత్తితే చాలు, ఒక ప్రశ్న సిద్ధంగా ఉంటుంది: అంత గొప్ప వ్యవస్థ అయితే అక్కడి జనం సముద్రం దాటి అమెరికాకు ఎందుకు పోతున్నారు? కళాశాలల్లో ఉపాధ్యాయుల గదుల్లోను, విద్యార్థుల చర్చాగోష్ఠుల్లోను ఈ ప్రశ్న వినని వారుండరు. అడిగిన పెద్దలు దానితో వాదం ముగిసిందనుకుంటారు. మన మిత్రులు కొందరు తొట్రుపడి, క్యూబాలో కష్టాలే లేవని బుకాయించి, ఆ ప్రశ్నకు లేని బలాన్ని తెచ్చిపెడతారు.

ప్రశ్న వెనుక ఉన్న కొలబద్దను పరీక్షించే పని మాత్రం ఎవరూ పెట్టుకోరు. క్యూబాను అమెరికాతో పోల్చమంటున్నారు. తప్పక పోల్చుదాం. అయితే ఏ అమెరికాతో? సగటు ఆదాయాల పట్టికలో కనిపించే అమెరికాతోనా? బంగారు గని యజమాని రాబడిని, ఆ గని తవ్విన నేలను పోగొట్టుకున్నవాని రాబడిని ఒకే కుండలో పోసి కలిపితే వచ్చేదే సగటు. ఆ కుండ అడుగున ఉన్న ప్రజల్లో షొషోనీలు ఒకరు. మన పాఠ్యపుస్తకాలు చాలాకాలం 'రెడ్ ఇండియన్లు' అని ఒక్క ముద్దగా చెప్పి వదిలేసిన జాతుల్లో వారిదొక జాతి. నెవాడా, ఐడహో, యూటా, వయోమింగ్ ప్రాంతాల్లో వారి నేల ఉంది. అమెరికా చట్టం నీడలో వారు నూట అరవై ఏళ్ళుగా బతుకుతున్నారు. ఆ చట్టం ఒక చిన్న జాతికి ఏమి ప్రసాదిస్తుందో క్యూబావారికి చెప్పదగినవారు వారికంటె ఎవరున్నారు?

ద్వీపానికి ద్వీపమే కావాలంటే ప్యూర్టో రికో ఉంది. ఆ పోలిక వేరే వ్యాసం. భూమి, పరిహారం అనే రెండు మాటలకు వాషింగ్టన్ ప్రభువులు చెప్పుకునే అర్థమేమిటో తేలాలంటే షొషోనీలే తగిన సాక్షులు.

ఒప్పందం ఒకటి, తీర్పు మరొకటి

1863 జనవరి 29న, నేటి ఐడహోలో, బేర్ నది ఒడ్డున వాయవ్య షొషోనీల శీతాకాలపు గూడెంపై కర్నల్ కానర్ సైన్యం విరుచుకు పడింది. స్త్రీలు, పిల్లలతో సహా వందలాదిమంది హతులయ్యారు. అదే ఏడు అక్టోబరు 1న పశ్చిమ షొషోనీలతో రూబీ వ్యాలీ ఒప్పందం జరిగింది. ఆ ఒప్పందంలో ఎక్కడా భూమి అమ్మకం లేదు. బాటలు వేసుకోవచ్చు, తంతి తీగలు లాగవచ్చు, రైలు నడపవచ్చు, గనులు తవ్వుకోవచ్చు, వలస వచ్చినవారు స్థిరపడవచ్చు అని షొషోనీలు అనుమతి ఇచ్చారు. వేట జంతువులు తరిగిపోయినందుకు ఏటా 5,000 డాలర్ల సరుకులు ఇరవై ఏళ్ళపాటు ఇస్తామని ప్రభుత్వం మాట ఇచ్చింది. దారి ఇచ్చినంత మాత్రాన ఇల్లు వ్రాసి ఇచ్చినట్టు కాదని మన పల్లెటూళ్ళలో చదువురాని పెద్దమనిషి కూడా చెప్పగలడు.

దారిన వచ్చినవారు ఇల్లే పట్టారు. వెండి కరిగించే కొలుములకు బొగ్గు కావాలని పిన్యన్ చెట్లు నరికారు. ఆ చెట్టు గింజలే షొషోనీలకు చలికాలపు తిండి. అడవి పోయింది, తిండి పోయింది, నిన్నటిదాకా ఎవరికీ చేయిచాచని మనుషులు తమ నేలమీద వెలసిన పశువుల క్షేత్రాల్లో కూలికి కుదిరారు. స్వతంత్రుడైన మనిషి కూలివాడుగా ఎలా మారతాడో తెలుసుకోవడానికి షొషోనీ ముసలమ్మలకు అర్థశాస్త్ర గ్రంథాలు అవసరం కాలేదు.

ఈ గతి వారొక్కరిదే కాదు. 1887లో డాస్ చట్టం వచ్చేనాటికి అమెరికా ఆదివాసుల చేతిలో దాదాపు 13 కోట్ల 80 లక్షల ఎకరాలు ఉన్నాయి. 1934 నాటికి మిగిలినవి 4 కోట్ల 80 లక్షలు. ఉమ్మడి భూమిని వ్యక్తులకు పంచి 'నాగరికులను' చేస్తామన్న దయామయుల చట్టం అది!

1946లో ఇండియన్ క్లెయిమ్స్ కమిషన్ ఏర్పడింది. నేలను తిరిగి ఇప్పించే అధికారం దానికి లేదు. డబ్బు లెక్కకట్టడమే దాని పని. పశ్చిమ షొషోనీల భూమి ఎలా పోయిందన్న ప్రశ్నకు 1962లో అది చెప్పిన జవాబు చూడండి. వారు అమ్మలేదు, యుద్ధంలో ఓడి ధారపోయనూ లేదు, వలసదారులు క్రమక్రమంగా చొరబడడం వల్ల హక్కు అంతరించిపోయిందట! పొరుగువాడి గట్టును ఏటా జానెడు చొప్పున జరుపుకుంటూ పోయినవాడికి ఆ జరపడమే దస్తావేజు అయిందన్నమాట. ధర కట్టడానికి 1872 జూలై 1ని తేదీగా ప్రభుత్వమూ, షొషోనీల పేర నిలిచిన లాయర్లూ తమలో తాము ఒప్పుకున్నారు. ఈ లాయరు మాకు వద్దు, ఈ కేసు ఆపండి అని ప్రజల మండలి అడిగితే చెల్లలేదు. చివరకు 1977లో తేల్చిన మొత్తం 2 కోట్ల 60 లక్షల డాలర్లు. భూమి 2 కోట్ల 40 లక్షల ఎకరాలు. అంటే ఎకరం డాలరు చిల్లర. నూట అయిదేళ్ళ వడ్డీ మాట ఎత్తనే లేదు.

ఒకే చేతి వాటం

దీనికీ క్యూబాకూ సంబంధమేమిటంటారా? లియొనార్డ్ వుడ్ అనే సైనికాధికారిని తీసుకోండి. 1886లో అపాచీ నాయకుడు జెరోనిమోను వేటాడిన దండులో పనిచేసి పతకం పొందినవాడు ఇతడు. 1899 చివరినుంచి 1902 వరకు క్యూబాను ఏలిన అమెరికన్ సైనిక గవర్నరూ ఇతడే. అమెరికా తనకు తోచినప్పుడు జోక్యం చేసుకోవచ్చు, నౌకాస్థావరాలకు నేల ఇచ్చుకోవాలి అనే షరతులు గల ప్లాట్ సవరణను 1901లో క్యూబా రాజ్యాంగ సభ మెడకు తగిలించింది ఇతని హయాంలోనే. పశ్చిమ మైదానాల్లో నేర్చిన విద్యను కరీబియన్ సముద్రంలో ప్రయోగించారు. 1903లో గ్వాంటనామో అఖాతం కౌలు పేరుతో పోయింది. 1934లో సవరణ రద్దయింది. కౌలు రద్దు కాలేదు. ఇరుపక్షాలూ ఒప్పుకుంటేనో, అమెరికా తానై వదిలిపోతేనో తప్ప అది ముగియదు.

1959 ప్రారంభంలో క్యూబాలోని చెరకు భూముల్లో దాదాపు నూటికి 40 పాళ్ళు, గనుల్లో 90 పాళ్ళు అమెరికన్ కంపెనీలవేనని 1960 ఎన్నికల ప్రచారంలో కెనడీయే ఒప్పుకున్నాడు. చెరకు కోత ఏడాదికి నాలుగు నెలలు. తక్కిన కాలానికి అక్కడి కూలీలు పెట్టిన పేరు 'చచ్చిన కాలం'. 1953 జనాభా లెక్కల ప్రకారం పల్లెల్లో నూటికి నలభై మందికి పైగా నిరక్షరాస్యులు. హవానా క్లబ్బుల దీపాలు చూపి నాటి క్యూబా సంపన్న దేశమన్నవారు ఈ పల్లెలను ఏ సగటులో కలిపారో ఊహించుకోవచ్చు.

1959 మే 17న భూసంస్కరణ చట్టం వచ్చింది. ఒకరి చేతిలో సాధారణంగా 402 హెక్టార్లు, అనగా సుమారు వెయ్యి ఎకరాలకు మించి ఉండరాదన్నారు. పరిహారమూ ఇస్తామన్నారు: 20 ఏళ్ళ బాండ్లు, నూటికి నాలుగున్నర వడ్డీ. ధర ఎంత? పన్ను కట్టేటప్పుడు యజమానులే చెప్పుకున్నంత! ఏళ్ళ తరబడి పన్ను ఎగవేయడానికి విలువ తగ్గించి వ్రాసినవారు ఇప్పుడు గుండెలు బాదుకున్నారు. తక్షణం, సముచితంగా, చెల్లుబడి అయ్యే నాణెంలో పరిహారం ఇవ్వాలని వాషింగ్టన్ తాఖీదు పంపింది. తరువాత అక్కడి ప్రభుత్వ కమిషన్ ఒకటి 5,913 క్లెయిములను ఖాయంచేసి, సుమారు 190 కోట్ల డాలర్లుగా లెక్కతేల్చి, ఏడాదికి నూటికి ఆరు చొప్పున వడ్డీ కలిపింది.

ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. చక్కెర కంపెనీకి నష్టమైతే స్వాధీనం చేసుకున్న నాటినుంచి ఆరు శాతం వడ్డీ. షొషోనీకి నష్టమైతే నూరేళ్ళ కిందటి ధర, వడ్డీ సున్న. ఆస్తి పవిత్రమైనదని ఉపన్యసించే ప్రభుత్వం ఒకటే, లెక్కకట్టే ఖజానా ఒకటే. తేడా అల్లా ఆస్తి ఎవరిదన్న దానిలోనే ఉంది.

రెండు చెక్కులు

పశ్చిమ షొషోనీలు ఆ సొమ్ము పుచ్చుకోలేదు. తల్లి వంటి భూమిని అమ్ముకోము అన్నారు. 1979లో ప్రభుత్వం ఆ మొత్తాన్ని తన ఖజానాలోనే షొషోనీల పేర జమకట్టింది. బాకీదారు ప్రభుత్వం, షొషోనీల ధర్మకర్తనని చెప్పుకునేదీ ప్రభుత్వమే. కుడిచేతితో ఇచ్చి ఎడమచేతితో పుచ్చుకుంది. క్రెసెంట్ వ్యాలీలో పశువులు మేపుకునే మేరీ డాన్, కేరీ డాన్ అనే అక్కచెల్లెళ్ళు ఈ మాయను ఎదిరించారు. మా తాతల నేలమీద మా పశువులు మేయడానికి మీ పర్మిటు ఎందుకన్నారు. 1974లో వారిపై అక్రమ ప్రవేశం దావా వేశారు. 1985లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: సొమ్ము ఖజానాలో జమ అయిననాడే చెల్లింపు జరిగిపోయింది, వారు ముట్టుకున్నారా లేదా అన్నది అనవసరం.

2002లో అంతర్-అమెరికా మానవహక్కుల కమిషన్ ఆ అక్కచెల్లెళ్ళ హక్కులకు భంగం కలిగిందని స్పష్టంగా తేల్చింది. అదే ఏడు అధికారులు వారి పశువులను తోలుకుపోయారు. 2003లో గుర్రాలను పట్టుకుపోయారు. 2004లో, వడ్డీ పెరిగి సుమారు 14 కోట్ల 50 లక్షల డాలర్లయిన సొమ్మును పంచడానికి చట్టం చేశారు. అంతకుముందు జరిపిన ఓటింగులో పాల్గొన్న షొషోనీల్లో హెచ్చుమంది పంచమనే చెప్పారన్నది దాచరాని నిజం. అందుకు వారిని తప్పు పట్టే హక్కు మనకు లేదు. తిండికి, మందుకు కటకటపడే ఇంటివారు తలకు కొన్ని వేల డాలర్లు వస్తాయంటే వద్దనలేకపోవడం వారి లోపం కాదు. ఆ నేలలోని కార్లిన్, కోర్టెజ్ గనులు ప్రపంచంలోని పెద్ద బంగారు గనుల్లో చేరతాయి. ప్రభుత్వ భూముల్లో బంగారం తవ్వేవారు 1872 నాటి గనుల చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వానికి రాయల్టీ కట్టనక్కరలేదు. 1872 అన్నది గని యజమానికి వరమై, షొషోనీకి శాపమైన సంవత్సరం.

ఇప్పుడు రెండవ చెక్కు సంగతి. గ్వాంటనామో కౌలుకింద అమెరికా ఏటా 4,085 డాలర్ల చెక్కు పంపుతూ వచ్చింది. విప్లవం గెలిచిన కొత్తలో ఒకటి మాత్రం మారింది. తరువాతివాటిని క్యూబా ముట్టలేదు. ఆ పుచ్చుకోకపోవడం వల్ల నావికాస్థావరం ఖాళీ కాలేదు. అయినా తేడా చూడండి. క్యూబా 'వద్దు' అన్నప్పుడు ఆ మాట ఒక రాజ్యం మాటగా నిలిచింది; ద్వీపంలో తక్కిన నేలపై ఏ చక్కెర కంపెనీ కూడా తిరిగి అడుగు పెట్టలేదు. షొషోనీ 'వద్దు' అన్నప్పుడు దాన్ని 'సరే' అని చదివారు. ఒక పిడికెడు ప్రజలకు రాజ్యాధికారం ఉండడానికి, లేకపోవడానికి మధ్య ఉన్న దూరం ఇదే.

బతుకుల లెక్క

ఈ దూరం బతుకుల్లో ఎలా కనిపించింది? 1961 ఒక్క సంవత్సరంలో క్యూబాలో 7 లక్షలకు పైగా జనం చదవను, వ్రాయను నేర్చారు. సుమారు లక్షమంది యువతీయువకులు లాంతర్లు పట్టుకొని పల్లెలకు వెళ్ళారు. నెవాడాలో ఆ దశకంలో షొషోనీల నేలమీద జరుగుతున్నవి అణుపరీక్షలు. 1951 నుంచి 1992 దాకా అక్కడి పరీక్షా క్షేత్రంలో 928 పరీక్షలు జరిగాయి. వాటిలో వంద బాహాటంగా ఆకాశం కిందే. 2018లో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువుల్లో క్యూబాలో నలుగురు మరణిస్తే, అమెరికా ఆదివాసుల్లో ఎనిమిదిమంది మరణించారు. జాతీయ పట్టికల్లో షొషోనీలు ఈ ఆదివాసుల్లో కలిసే లెక్కకు వస్తారు. 2021లో, కోవిడ్ విజృంభించిన ఏడు, ఆ ఆదివాసుల ఆయుర్దాయం 65.2 ఏళ్ళకు పడిపోయింది. ఇదంతా ప్రపంచంలోకెల్లా ధనిక దేశం నడిబొడ్డున.

అయితే కథను ఇక్కడ ఆపేసి చప్పట్లు కొట్టించుకుంటే మనమూ సగటువాదుల వంటి వారమే అవుతాము. క్యూబాలో శిశుమరణాలు 2023 నాటికి వెయ్యికి ఏడు దాటాయి. 2024 అక్టోబరులో దేశమంతటా విద్యుత్తు ఆగిపోయింది. 2021 చివర 1 కోటి 11 లక్షలున్న జనాభా మూడేళ్ళలో కోటికి లోబడింది. ఆరు దశాబ్దాలు దాటిన అమెరికా దిగ్బంధం దీనికి పెద్ద కారణమనడంలో సందేహం లేదు. 2023లో ఐక్యరాజ్యసమితి సభలో 187 దేశాలు దాన్ని ఖండిస్తే సమర్థించినవి రెండే. కాని 1970లో కోటి టన్నుల చక్కెర అంటూ దేశాన్నంతా చెరకు తోటల్లోకి తోలి ఇతర పనులను కుంటుపరచింది దిగ్బంధం కాదు. 2021 జూలై 11న తిండికీ, మందులకూ, స్వేచ్ఛకూ కేకలువేస్తూ వీధికెక్కిన వారిలో వందలాదిమందిని జైళ్ళకు పంపిందీ దిగ్బంధం కాదు. వాషింగ్టన్‌తో 'వద్దు' అనే హక్కు రాజ్యానికి ఎంత అవసరమో, తన రాజ్యంతో 'వద్దు' అనే హక్కు క్యూబా పౌరుడికి అంత అవసరం. మొదటి హక్కును మెచ్చుకొని రెండవదాని దగ్గర నోరు మూసుకునే అభ్యుదయవాది, డాన్ సోదరీమణుల పేరు ఎత్తే అర్హత పోగొట్టుకుంటాడు.

ఈ హక్కు సంగతి మనకు పరాయిదీ కాదు. పరిహారం వద్దన్న రైతు సొమ్మును డిపాజిట్ చేసి భూమిని తీసుకునే పద్ధతి మన 1894 చట్టంలో ఉండేది, 2013 చట్టంలోనూ ఉంది. ఇవ్వజూపిన పరిహారాన్ని నిరాకరించినవాడు తనకు చెల్లింపు జరగలేదని వాదించజాలడని 2020లో మన సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. జనం క్యూబా విడిచి ఎందుకు పోతున్నారని ఈసారి ఎవరైనా అడిగితే తప్పుకోకండి. కరెంటు లేక, మందులు దొరక్క, నోరు విప్పలేక పోతున్నారని నిజం చెప్పండి. ఆ తరువాత నల్లబల్లమీద ఆరు శాతం, సున్న శాతం అని రెండు అంకెలు వ్రాసి, ఏది ఎవరికిచ్చిన వడ్డీయో విద్యార్థులనే కనుక్కోమనండి. షొషోనీలు తమ నేల విడిచి ఎక్కడికీ పోలేదు. నేలే వారిని విడిచి కంపెనీల ఖాతాల్లోకి పోయింది.