ఓటమిని అమ్ముకునే ఆట

నారాయణఖేడ్‌లో క్రికెట్ బ్యాటు లేని గల్లీ ఉండదు. టెన్నిస్ రాకెట్ పట్టిన పిల్లగాణ్ణి మాత్రం వెతుక్కోవాలి. అయినా ఇక్కడి పోరగాళ్లకు డ్రాప్ షాట్ తెలుసు, టాప్‌స్పిన్ తెలుసు. నేర్పింది కోచ్ కాదు, ఫోన్. వేలితో తెర మీద గీస్తే బంతి వంపు తిరిగి లైను మీద పడుతుంది. అవతల ఆడేవాడు ఏ దేశంలో ఉన్నాడో తెలియదు. క్లబ్బు సభ్యత్వం అడగని టెన్నిస్ ఇది. ఆ సంబరాన్ని చూసి మూతి విరిచే పెద్దమనుషులతో నాకు పేచీ ఉంది. నా కోపం ఆట మీద కాదు, దాన్ని దుకాణం చేసినవాళ్ల మీద.

అసలు టెన్నిస్ న్యాయం విషయంలో ఎంత పట్టుదల గల ఆటో చూడండి. నెట్ మధ్యలో ఎత్తు 0.914 మీటర్లు, ఇద్దరికీ అంతే. రాకెట్ పొడవు 73.7 సెంటీమీటర్లు దాటకూడదు, ఎంతటి ఛాంపియన్‌కైనా. ఎండా గాలీ ఒక్కరికే కలిసిరాకూడదని, బేసి గేమ్ ముగిసినప్పుడల్లా ఇద్దరూ వైపులు మారతారు. సూర్యుణ్ణి కూడా సమానంగా పంచిన ఆట!

ఆ న్యాయానికే ఫోన్‌లో ధర కట్టారు. 2019లో వచ్చిన టెన్నిస్ క్లాష్‌నే తీసుకోండి. మ్యాచ్‌కు దిగాలంటే ఆటలోని నాణేలు ఒడ్డాలి. రాకెట్, గ్రిప్, బూట్ల కార్డులు సంచుల్లో వస్తాయి. సంచి విప్పాలంటే గంటల తరబడి ఆగాలి, ఆగలేనివాడు రత్నాలు వదిలించుకోవాలి. ఆ రత్నాలను అసలు రూపాయలు పెట్టి కొనుక్కోవచ్చు. కార్డులు కూడితే సర్వీసు పదునెక్కుతుంది, కాళ్లకు వేగం వస్తుంది. ఎదుటివాడి సామాను మరీ పై స్థాయిదైతే, బంతి ఎటు వస్తుందో సరిగ్గా పసిగట్టినా మన బొమ్మ అక్కడికి చేరదు. పిల్లవాడు తనకు ఆట రాదనుకుని కుమిలిపోతాడు. వాణ్ణి ఓడించింది ఎదుటివాడి ఆట కాదు, జేబు. ఆ చిరాకు పొరపాటున పుట్టింది కాదు. వాళ్లు అమ్మే సరుకే అది.

తెర మీద టెన్నిస్ పుట్టుక ఇలా లేదు. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథమ్ అనే భౌతికశాస్త్రవేత్త సందర్శకుల సరదా కోసం దాన్ని తయారుచేశాడు, పేటెంటు కూడా తీసుకోలేదు. 1972లో అటారీ వారి పాంగ్ నాణెం అడిగింది నిజమే. కానీ ఇద్దరి చేతికీ ఒకేలాంటి బ్యాటు ఇచ్చింది.

తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. డబ్బు గెలుచుకునే ఆశ చూపే ఆన్‌లైన్ ఆటలను 2025లో కేంద్రం నిషేధించింది. మంచిదే. మరి డబ్బు పోయడమే తప్ప పైసా తిరిగిరాని ఆటల సంగతేమిటి? రమ్మీలో కనీసం గెలుపు ఆశ ఉండేది, ఇక్కడ అదీ లేదు! డబ్బు తీసుకుని, లోపల ఏముందో చెప్పని సంచులను 2018లోనే బెల్జియం జూదమని తేల్చింది. మన చట్టానికి అవి కనబడవా?

అమ్మే ప్రతి సంచి మీదా ఏ కార్డు దొరికే అవకాశం ఎంతో తెలుగులో రాయించాలి. ఒకే స్థాయి సామాను ఉన్నవాళ్లనే ఒకరిపై ఒకరిని దించాలి. పిల్లల చేతికి ఫోన్ ఇచ్చే తల్లిదండ్రులు అందులో కొనుగోళ్లకు తాళం వేయాలి. ఊరి క్రీడాప్రాంగణంలో వాలీబాల్ పక్కన ఒక టెన్నిస్ నెట్టు, నాలుగు రాకెట్లు పెట్టమని సర్పంచునూ కౌన్సిలరునూ నిలదీయాలి.

తమ్ముడూ, ఆడు. ఓడితే మళ్లీ ఆడు. రూపాయి మాత్రం పెట్టకు.