పోలీసు డిగ్రీ అమ్మేవాళ్లకి మన జవాబు

 

ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయంటే చాలు, మన హాస్టళ్ల చుట్టూ ప్రైవేటు కాలేజీల ఏజెంట్లు తిరుగుతారు. ఈమధ్య వాళ్ల చేతిలో కొత్త పాంప్లెట్ కనిపిస్తోంది. క్రిమినాలజీ, పోలీస్ అడ్మినిస్ట్రేషన్ డిగ్రీ అట. పైన ఖాకీ డ్రెస్ బొమ్మ. చేరితే ఎస్ఐ అయిపోయినట్టేనని నోటి మాట. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ మాట నమ్మి సంతకం పెట్టకండి.

రూల్ ఏం చెప్తోందో చూడండి. రెండు రాష్ట్రాల్లోనూ కానిస్టేబుల్‌కి డిగ్రీయే అక్కర్లేదు. ఇంటర్ పాసవ్వాలి. ఎస్సీ, ఎస్టీలకైతే టెన్త్ పాసై, ఇంటర్ రెండేళ్లూ చదివి పరీక్షలు రాసి ఉంటే చాలు. ఎస్ఐకి ఏ డిగ్రీ అయినా ఒకటే. గ్రూప్-1 రాసి డీఎస్పీ అవ్వాలన్నా, సివిల్స్ రాసి ఐపీఎస్ అవ్వాలన్నా ఏ డిగ్రీ అయినా పనికొస్తుంది. ఎస్ఐ పరీక్షలో అడిగేది తెలుగు, ఇంగ్లీషు, అర్థమెటిక్, రీజనింగ్, జనరల్ స్టడీస్. క్రిమినాలజీ పేపరే లేదు. ఎత్తు సంగతికొస్తే, మామూలుగా మగపిల్లలకు 167.6 సెంటీమీటర్లు ఉండాలి, ఏజెన్సీ ఎస్టీలకు 160 చాలు. ఆ సడలింపు మనకు రూల్ ఇచ్చింది, కాలేజీ కాదు.

మరి ఆ డిగ్రీతో అదనంగా వచ్చేదేంటి? ఉద్యోగం దగ్గర ఏమీ లేదు. పోయేది మాత్రం ఉంది. ఒక డిగ్రీకి స్కాలర్‌షిప్ వాడుకున్నాక, అదే స్థాయిలో ఇంకో డిగ్రీకి మళ్లీ రాదు. మూడేళ్లు మనవి, ప్రభుత్వ డబ్బు మన పేరున, లాభం కాలేజీది.

ఇంకోవైపు మన పెద్దలు కొందరు అసలు ఖాకీ చదువే మనకొద్దంటారు. ఇంద్రవెల్లి మర్చిపోయారా అని అడుగుతారు. మర్చిపోలేదు. 1981 ఏప్రిల్ 20 ఎవరూ మర్చిపోరు. కానీ ఆ మాటతో కూడా మేము ఏకీభవించం. పాడేరు ఏజెన్సీలోని వాకపల్లి కేసు చూడండి. 2007లో ఆదివాసీ మహిళలు పోలీసుల మీద అత్యాచారం ఫిర్యాదు చేశారు. 2023లో నిందితులంతా నిర్దోషులుగా బయటికొచ్చారు. దర్యాప్తు సరిగ్గా చేయలేదని కోర్టే తప్పుపట్టింది, ఆ మహిళలకు పరిహారం ఇవ్వమంది. పదహారేళ్లు కోర్టు చుట్టూ తిరిగినా, మొదట్లో చెడిన దర్యాప్తును ఎవరూ బాగుచేయలేకపోయారు. అంటే దర్యాప్తు ఎలా చెయ్యాలో, ఎక్కడ చెడగొడతారో తెలిసినవాళ్లు మనలో ఉండాలి. స్టేషన్ లోపలా ఉండాలి, బయటా ఉండాలి.

అందుకే పోలీసు చదువు వద్దని మేము అనట్లేదు. బొమ్మ చూసి కొనొద్దంటున్నాం. ఈ సబ్జెక్టు నిజంగా ఇష్టమైతే ఎల్ఎల్‌బీ చదవండి. లాసెట్‌కి ఎస్టీలకు డిగ్రీలో 40 శాతం మార్కులు చాలు, ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సు కూడా ఉంది. లాయర్ కావచ్చు, పబ్లిక్ ప్రాసిక్యూటర్ కావచ్చు, ఎస్ఐ పరీక్షా రాయొచ్చు. సైన్స్ వాళ్లు కెమిస్ట్రీ, బయాలజీ వదలకండి, ఫోరెన్సిక్ ల్యాబ్‌కి దారి అక్కడుంది. క్రిమినాలజీలోనే చేరతామంటే ముందు అడగండి: యూనివర్సిటీకి యూజీసీ గుర్తింపు ఉందా? ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా? అట్రాసిటీ చట్టం, 1/70, పెసా, అటవీ హక్కుల చట్టం సిలబస్‌లో ఉన్నాయా?

ఆఖరి ప్రశ్నే అసలుది. పోడు భూమి దగ్గరికి ఫారెస్టోళ్లతో పాటు వచ్చే కానిస్టేబుల్‌కి, హక్కుల పరిశీలన పూర్తయ్యేదాకా సాగుదారుని ఖాళీ చేయించకూడదని 2006 చట్టం చెప్తోందని తెలియాలి. అట్రాసిటీ కేసు దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గకుండా జరగాలని తెలియాలి. అది తెలియని ఖాకీ మనవాడు వేసుకున్నా ఊరికి ఒరిగేదేం లేదు.

ఐటీడీఏలను మేము అడిగేది ఇదే. పోలీసు కోచింగ్ అంటే పరుగు, లెక్కలు మాత్రమే కాదు. ఈ నాలుగు చట్టాలూ అందులో చెప్పించండి. కోయ, గోండి, కొలామి, కువి మాట్లాడే పిల్లలకు ఏజెన్సీ స్టేషన్లలో చోటివ్వండి.

ఈ పోస్టు మీ హాస్టల్ గ్రూపుల్లో పెట్టండి. ఏజెంట్ వచ్చే లోపే మన పిల్లలు చదవాలి.

జై ఆదివాసీ!