సంతకం పెడితే అన్నిటికీ ఒప్పుకున్నట్టేనా?

సంపాదకులకు,

ఫొటోషూట్ ఒప్పందంపై సంతకం చేసిన మోడల్ తర్వాత అభ్యంతరం చెప్పడం తగదని గత వారం ఒక పాఠకుడు రాశారు. నేను ఒప్పుకోను. ఫొటో తీయనివ్వడం వేరు, దాన్ని నలుగురికీ పంపనివ్వడం వేరు. స్త్రీ ఆంతరంగిక చిత్రం తీయడానికి సమ్మతించినా, ఆమె సమ్మతి లేకుండా ఇతరులకు పంచితే నేరమని 2013 చట్ట సవరణే చెప్పింది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్‌లో ఉంది.

ఇక్కడి కృష్ణానగర్‌లో మోడలింగ్ అవకాశాల కోసం తిరిగే అమ్మాయిలకు నా మాట ఒక్కటే: దుస్తులు, చోటు, అక్కడ ఎవరెవరుంటారు, ఫొటోలు ఎక్కడ వాడతారు అన్నవి ముందే వాట్సాప్‌లో రాయించుకోండి. తోడు రావద్దనే ఫొటోగ్రాఫర్ దగ్గరికి వెళ్లనే వద్దు. మధ్యలో వేరే డ్రెస్ చేతికిచ్చి ‘ఒక్క షాటే’ అంటే దానికి మళ్లీ మీ అనుమతి కావాలి. అడ్వాన్స్ తీసుకున్నా సరే, కాదనవచ్చు.

– ఒక పాఠకురాలు, హైదరాబాద్