హాల్లో మన చోటెక్కడ?

సినిమా హాలు కట్టేటప్పుడే ఎవరు ఏ గుమ్మంలోంచి రావాలో, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో నిర్ణయమైపోతుంది.

మన పట్టణాల్లోని పాత హాళ్ళు గుర్తు చేసుకోండి. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ... తరగతికో దారి. ఆడవాళ్ళకి వేరే బుకింగ్ కిటికీ. చాలాచోట్ల నేలలో ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ మధ్య ఓ పొట్టి గోడ. అది మనల్ని విడదీసిన గోడే, కాదనం. కానీ మగతోడు కోసం ఎదురుచూడకుండా, చంటిపిల్లని చంకనేసుకుని, ఇరుగుపొరుగువాళ్ళతో మ్యాట్నీకి వెళ్ళే ధైర్యం ఇచ్చిందీ అదే! ఆ కిటికీ దగ్గర "అక్కా, మాకూ రెండు టిక్కెట్లు" అని మగవాళ్ళు బతిమాలడం ఎవరు మర్చిపోతారు?

2003లో హైదరాబాద్‌లో ప్రసాద్స్ మల్టీప్లెక్స్ తెరుచుకుంది. తర్వాత ఆ పద్ధతి జిల్లా పట్టణాలకీ పాకింది. అడ్డుగోడ పోయింది, శుభ్రమైన బాత్రూములు వచ్చాయి. సంతోషమే. కానీ నేల టిక్కెట్టు కూడా పోయింది. 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన ధరలే చూడండి. పంచాయతీల్లో ఏసీ లేని హాల్లో కింది తరగతి 20 రూపాయలు, మల్టీప్లెక్సులో వాలుకుర్చీ 250. కూలిపనికెళ్ళే తల్లి ముగ్గురు పిల్లలతో ఆ మెట్లెక్కగలదా?

ఆమెకి అందే పాత హాళ్ళేమో ఒక్కొక్కటే కల్యాణమండపాలుగా మారిపోతున్నాయి. మిగిలినవాటిలో శుభ్రమైన బాత్రూము, విశాలమైన గుమ్మం అడుగుదాం. కొత్తగా కట్టేవాటిలో చవక వరసలు నాలుగైనా ఉంచమందాం. వంటింటి నుంచి ఆ మూడు గంటల సెలవు ఆమెకీ కావాలి కదా! ఏమంటారు?