చేతుల్లోకి ఎక్కే అదురు

క్రితం సంచికలో పాత బండ్ల ఇన్సూరెన్సు గురించి రాశాక నాకు వచ్చిన ఉత్తరాల్లో, ఫోన్లలో సగం ఇన్సూరెన్సు గురించి కానే కావు. "అరగంట బండి నడిపితే చేతులు తిమ్మిరెక్కుతున్నాయి, దాని గురించి కూడా నాలుగు ముక్కలు రాయండి" అని. బరంపురం నుంచి ఒకాయన, హోసూరు నుంచి ఇద్దరు, సోలాపూరు నుంచి ఒక ఇల్లాలు (వాళ్లాయన తరఫున) అడిగారు. నేను మెకానిక్కునూ కాను, డాక్టరునూ కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. అయితే పాత బుల్లెట్టు మీద మామిడి తోటల లోన్ల తనిఖీకని కృష్ణగిరి చుట్టుపక్కల పల్లెలన్నీ ఏళ్ల తరబడి తిరిగినవాణ్ణి కనుక, చేతులకు తెలిసిన సంగతి కొంత ఉంది. మిగతాది తెలిసినవాళ్లను అడిగి తెలుసుకున్నాను.

అసలీ అదురు ఎక్కడ పుడుతుందో ముందు చూద్దాం. మన బండ్లలో ఎక్కువ భాగం ఒంటి సిలిండరువే. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతోందంటే పిస్టను సెకనుకు 50 సార్లు పైకి వెళ్లి, ఆగి, కిందికి వస్తోందన్నమాట. దాన్ని సరితూచడానికి క్రాంకు మీద ఎదురు బరువు పెడతారు. కానీ ఆ బరువు గుండ్రంగా తిరుగుతుంది, పిస్టనేమో నిలువుగా పోతుంది. పైకీ కిందికీ ఉన్న అదురు తగ్గిస్తే, ముందుకూ వెనక్కూ కొత్త అదురు పుడుతుంది. ఒక ఖాతాలో అప్పు తీర్చడానికి ఇంకో ఖాతాలో అప్పు చేసినట్టు. అందుకని తయారీదారులు మధ్యలో ఎక్కడో రాజీపడతారు. 1955 నుంచి మద్రాసులో తయారైన బుల్లెట్లూ, మైసూరు యెజ్దీ రోడ్‌కింగూ ఆ రాజీ బండ్లే. ఈ లెక్కను సరిచేసేది బ్యాలెన్సర్ షాఫ్టు. క్రాంకు ఎంత వేగంతో తిరుగుతుందో అంతే వేగంతో ఎదురు దిశలో తిరిగే బరువు అది. రాయల్ ఎన్‌ఫీల్డు వాళ్లు 350 సీసీ బండ్లలో దీన్ని 2020లో మీటియరుతో మొదలుపెట్టి, 2021లో క్లాసిక్‌కూ, 2023లో బుల్లెట్టుకూ పెట్టారు. పాతదీ కొత్తదీ వెంటవెంటనే నడిపి చూస్తే ఆ తేడా చేతులకే తెలుస్తుంది.

కొత్త బండి కొనండి అని చెప్పడానికి నేను ఈ శీర్షిక రాయడం లేదు. ఉన్న బండి ఎప్పటికంటే ఎక్కువ అదురుతోందంటే, ఎక్కడో ఏదో వదులైందనో అరిగిందనో అర్థం. అది కనిపెట్టడం మా బ్యాంకులో పద్దులు టాలీ చేయడం లాంటిదే. బండిని సెంటరు స్టాండు వేసి, న్యూట్రల్‌లో ఉంచి నెమ్మదిగా రేజు చేయండి. అదురు అలాగే వస్తే ఇంజనులోనో, ఇంజనును ఫ్రేముకు బిగించిన బోల్టుల్లోనో ఉంది. రాకపోతే ఖాళీ రోడ్డు మీద తిన్నగా పోతూ, వెనక ఎవరూ లేరని చూసుకుని, రెండు మూడు క్షణాలు క్లచ్చి పట్టి యాక్సిలరేటరు వదలండి. అప్పుడూ అదురుతూనే ఉంటే చక్రం, టైరు, బేరింగులు చూడాలి. ఆగిపోతే మళ్లీ ఇంజను వైపో, చైను వైపో రావాలి. ఇంత చెప్పగలిగితే మెకానిక్కు మీ మాటకు విలువిస్తాడు. "సార్, ఏదో శబ్దమొస్తోంది" అంటే మాత్రం ఆయన తనకు తోచింది మారుస్తాడు, బిల్లు మీకు తోచనంత వేస్తాడు.

ఖర్చు లేని పనులు ముందు. టైర్లలో గాలి కంపెనీ చెప్పినంతే ఉందా? రాయిలా బిగిస్తే గతుకులన్నీ చేతులకే వస్తాయి. చైను మరీ బిగుతుగా ఉందా? ఇంజను మౌంటింగు బోల్టుల్లో ఒక్కటి వదులైనా చాలు, హ్యాండిలు బుర్రుమంటుంది. వాటిని ఊరికే బలం కొద్దీ బిగించడం కాదు, కొద్దికొద్దిగా వదులు చేసి, ఇంజను సరిగా కూర్చున్నాక, టార్కు రెంచితో కంపెనీ చెప్పిన మేరకు బిగించాలి. హ్యాండిలు కింద రబ్బరు బుష్షులున్న బండ్లలో అవి ఎండి పగిలి ఉంటాయి. చవక సామాను, ఎవరూ చూడరు.

మనిషి వైపు కూడా ఒక తనిఖీ ఉంది. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత అదురు చేతిలోకి ఎక్కుతుంది. మోకాళ్లతో ట్యాంకును పట్టి, నడుముతో కూర్చుంటే చేతులు హ్యాండిలు తిప్పడానికే మిగులుతాయి. శరీరం బరువంతా అరచేతుల మీద వేసి వాలేవాళ్లకు తిమ్మిరి తప్పదు. క్లచ్చి, బ్రేకు లీవర్లు ముంజేతికి వరసగా కాస్త కిందికి వాలి ఉండాలి. మణికట్టు పైకి విరిగి ఉందంటే వాటిని తిప్పించుకోండి, ఐదు నిమిషాల పని.

ఒక్క ఎడమ చేతికే తిమ్మిరి వస్తే నేను ఇంజనును అనుమానించను, క్లచ్చి కేబులును అనుమానిస్తాను. ఈ మాట ఎందుకంటున్నానో చెబుతాను. మా శాఖలో బండి లోను తీసుకున్న కుర్రాడొకడు బెంగళూరులో ఇంటింటికీ సరుకులు అందించే పని చేస్తాడు. పొద్దున ఎక్కితే రాత్రికి గానీ దిగడు. ఒకరోజు విత్‌డ్రాయల్ ఫారం ఇస్తే సంతకం మా దగ్గరున్న నమూనాతో కలవలేదు. మళ్లీ పెట్టించాను, మళ్లీ కలవలేదు. "సార్, పెన్ను పట్టు దొరకడం లేదు" అన్నాడు. పుట్టు ఎడమచేతి వాటం కుర్రాడు. చిటికెన వేలూ, దాని పక్క వేలూ మొద్దుబారాయట, మూడు నెలలైందట. డాక్టరు దగ్గరికి పోతే బండి మానేయమంటారని వెళ్లలేదు. మానేస్తే కంతు ఎవరు కడతారు సార్ అని నన్నే అడిగాడు. లోనిచ్చినవాణ్ణి, ఏం చెప్పను! బండి చూపిస్తే క్లచ్చి కేబులు లోపల పోగులు తెగి, ప్రతిసారీ పిడికిలి బలమంతా పెట్టి లాగవలసిన స్థితిలో ఉంది. సిటీ ట్రాఫిక్కులో రోజుకు ఎన్ని వందలసార్లు లాగుతాడో మీరే ఊహించుకోండి. కేబులు మార్చారు, డాక్టరుకు చూపించాడు, అరచేయి మడమ ఆనకుండా పట్టుకోవడం నేర్చుకున్నాడు. పట్టు చాలావరకు తిరిగివచ్చింది. చిటికెన వేలి కొస మాత్రం ఇంకా పూర్తిగా తెలివిలోకి రాలేదు. కొత్త నమూనా సంతకం తీసుకున్నాం.

ఇక కొనే వస్తువులు. హ్యాండిలు కొసల్లో పెట్టే బార్ ఎండ్ బరువులు నిజంగానే పనిచేస్తాయి. కొస బరువెక్కితే హ్యాండిలు ఊగడం తగ్గుతుంది, మీరు రోజూ పోయే వేగం నుంచి ఆ బుర్రు పక్కకు జరుగుతుంది. స్పాంజి గ్రిప్పులు కొంత మేలే, కానీ మరీ లావైతే పట్టుకోవడానికే ఎక్కువ బలం కావాలి, పెట్టిన లాభం అక్కడ పోతుంది. అదురును ఆపుతాయని అమ్మే చేతి తొడుగులు ఇంజను అదురు మీద పెద్దగా పనిచేయవు. చేతుల్ని వెచ్చగా ఉంచడానికి మాత్రం తొడుక్కోండి, హోసూరు చలికాలపు పొద్దుల్లో అది చిన్న ఉపకారం కాదు. హ్యాండిలు గొట్టంలో ఇసుక పోయించుకునేవాళ్లున్నారు. తేమ తగిలి లోపల తుప్పు పట్టే పని అది, నాకు నచ్చదు.

చలి మాట వచ్చింది కాబట్టి ఒక పాత సంగతి. అమెరికాలో ఇండియానా రాష్ట్రపు రాతి గనుల్లో గాలి సుత్తులతో పనిచేసేవాళ్లకు చలిలో వేళ్లు తెల్లగా పాలిపోయి మొద్దుబారుతున్నాయని 1918లో ఎలిస్ హామిల్టన్ అనే డాక్టరమ్మ పరిశీలించి రాశారు. యూరపు దేశాలు 2002లో చట్టమే చేసి, కార్మికుల చేతులు రోజుకు ఎంత అదురుకు గురికావచ్చో హద్దు పెట్టాయి. మన కృష్ణగిరి గ్రానైటు క్వారీల్లో డ్రిల్లు పట్టుకుని, సాయంత్రం బండెక్కి ఇంటికి పోయేవాళ్ల గురించి ఆలోచించండి. రెండు అదుర్లూ ఒకే చేతి ఖాతాలో పడుతున్నాయి.

బండి దిగిన పది నిమిషాల్లో పోయే తిమ్మిరికి బండినే సరిచేయండి, గంటకోసారి ఆగి పిడికిలి తెరిచి మూయండి. మర్నాటికీ పోకపోతే, రాత్రి నిద్రలో లేపితే, వస్తువులు చేయి జారుతుంటే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. వెళ్లినప్పుడు ఏ వేళ్లకో సరిగా చెప్పండి. చిటికెన వేలి వైపైతే ఒక నరం, బొటనవేలు, చూపుడువేలు, నడిమివేళ్లైతే మణికట్టు మధ్యలోంచి పోయే ఇంకో నరం. కాళ్లు కూడా తిమ్మిరెక్కుతుంటే బండిని నిందించకుండా ముందు చక్కెర పరీక్ష చేయించండి. మా వయసువాళ్లకు ఈ మాట మరీ మరీ చెబుతున్నాను. సోలాపూరు అమ్మగారూ, మీవారికి ఏ వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయో మీరు రాయలేదు. అడిగి తెలుసుకుని రాయండి.