ఇల్లమ్మువాని మౌనము

మన పట్టణములలో ఇల్లు కొనువారు దస్తావేజును పదిమార్లు చదివించుకొందురు. పురపాలక సంఘమువారు ఆమోదించిన పటమును మాత్రము అడుగరు. అమ్మువాడును చూపడు. చూపినచో రెండంతస్తుల యనుమతిపై లేచిన మూడవ యంతస్తు, సందులోనికి జరిగిన గోడ బయటపడును గదా!

ఇంటిపన్ను కట్టుచున్నాము, కరెంటు వచ్చినది, రిజిస్టరైనది, ఇంకేమి కావలెనని యందురు. పన్ను రసీదు అనుమతిపత్రము కాదు. రిజిస్ట్రేషను వలన హక్కు చేతులు మారునే గాని గోడకు అనుమతి రాదు. ఇన్నేండ్లుగా ఎవరును అడుగలేదందురా, కాలము గడచినంతమాత్రమున, అధికారులు ఉపేక్షించినంతమాత్రమున అక్రమకట్టడము సక్రమము కాజాలదని సుప్రీముకోర్టు 2024 డిసెంబరులో స్పష్టముగా తీర్పు చెప్పినది. జీవితమంతయు కూడబెట్టినది ధారపోసి కొనిన గుమాస్తా గుమ్మమునకు కూల్చివేత నోటీసు అంటింపబడునాటికి అమ్మినవాడు పొరుగూర నుండును.

తనకు తెలిసియుండి, కొనువాడు సామాన్యజాగ్రత్తతో కనుగొనజాలని ముఖ్యలోపమును విక్రేత చెప్పితీరవలెనని 1882వ సంవత్సరపు ఆస్తిబదిలీ చట్టము 55వ సెక్షను శాసించుచున్నది. చెప్పకుండుట మోసమనియు ఆ సెక్షనే పలుకుచున్నది. అయితే ఆ సామాన్యజాగ్రత్త యను మాటయందే చిక్కున్నది. పటమడిగిన తెలిసెడిదే గదా యని ప్రతివాది వకీలు ప్రశ్నించును. మేమైనను ఆ పక్షమున నున్నచో అదే ప్రశ్నింతుము!

రుసుము గైకొని క్రమబద్ధీకరించు పథకమును ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2007లో తెచ్చినది. దాని నుపయోగించుకొంటినని విక్రేత యనినచో ఆ యుత్తరువును చూపుమనవలెను. అట్టి పథకము మరల వచ్చునను నమ్మకముతో కొనుట జూదము. బయానా ఈయక మునుపే ఆమోదితపటమును చేతబట్టి ఇంటిని నలువైపుల కొలిపించి, తేడా కనబడినచో దానిని కరారునామాలో వ్రాయించి, వెలను మరల మాటాడుకొనవలెను.